పిల్లల స్వభావాన్ని బట్టి వారి చదువును గాడిలో పెట్టడం ఎలా?

పదో తరగతి వరకు మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఇంటర్ మొదటి సంవత్సరంలో వెనకబడితే, ఇంట్లో సాధారణంగా వినిపించే మాట ‘బుర్ర ఉంది కానీ కుదురుగా కూర్చోడు’ అని. పెద్దలు విసుగుతో అనే ఈ మాటలో మనస్తత్వ శాస్త్రం ఒప్పుకునే నిజమే ఉంది. తెలివితేటలు వేరు, కుదురు వేరు; మార్కుల మీద రెండింటి ప్రభావమూ విడివిడిగా కనిపిస్తుంది. అయితే ఆ మాట అనేసిన తర్వాత చేయవలసిన పని ఏమిటో చాలా ఇళ్లలో తేలకుండానే సంవత్సరం గడిచిపోతుంది. 13 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లలున్న తల్లిదండ్రులు, వారికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు, అధ్యాపకులు ఆ పనిని ఎక్కడ మొదలుపెట్టి ఎలా నడిపించవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా తెలుసుకోవలసిన ఐదు గుణాలు

మనిషి స్వభావాన్ని వర్ణించడానికి పరిశోధకులు ఎక్కువగా వాడే నమూనా పేరు బిగ్ ఫైవ్. అందులో మొదటిది కార్యదీక్ష, అంటే చేపట్టిన పనిని వేళకు, పద్ధతిగా, చివరిదాకా చేసే గుణం. రెండోది కొత్త విషయాల పట్ల జిజ్ఞాస. మూడోది నలుగురిలో చొచ్చుకుపోయే కలుపుగోలుతనం. నాలుగోది ఎదుటివారితో సర్దుకుపోయి సహకరించే సౌమ్యత. ఐదోది చిన్న విషయానికే కలత చెందే ఆందోళన స్వభావం. ఇవి కొందరిలో ఉండి కొందరిలో లేకపోయే గుణాలు కావు. అందరిలోనూ ఐదూ ఎక్కువగానో తక్కువగానో ఉంటాయి. అందువల్ల నాలుగు ప్రశ్నలడిగి పిల్లలకు ఒక ముద్ర వేసే ఆన్‌లైన్ క్విజ్‌లను గానీ, రాశిఫలాలను గానీ నమ్మి గ్రూపు ఎంపిక చేయడం సరికాదు.

ఈ గుణాలకూ మార్కులకూ ఉన్న సంబంధం గురించి ఊహాగానాలు చేయనవసరం లేదు. పరిశోధకుడు ఆర్థర్ పోరోపాట్ 2009లో 70 వేలకు పైగా విద్యార్థుల సమాచారాన్ని కలిపి పరిశీలించినప్పుడు, కార్యదీక్షకూ మార్కులకూ ఉన్న సంబంధం చాలావరకు తెలివితేటలతో నిమిత్తం లేనిదని తేలింది. సఖావత్ మమ్మదోవ్ 2022లో 267 విద్యార్థి బృందాలకు చెందిన 4,13,074 మంది సమాచారాన్ని విశ్లేషించి మరింత స్పష్టమైన చిత్రాన్ని ఇచ్చారు. ఆ విశ్లేషణలో మార్కులతో కార్యదీక్షకున్న సహసంబంధం (సున్నా అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.27, జిజ్ఞాసకు 0.16, సౌమ్యతకు 0.09 కాగా, కలుపుగోలుతనం, ఆందోళన దాదాపు సున్నా దగ్గరే ఆగిపోయాయి.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అదే విశ్లేషణ ప్రకారం తెలివితేటలు, ఐదు గుణాలు అన్నీ కలిసి వివరించగలిగింది విద్యార్థుల మార్కుల మధ్య ఉన్న తేడాలో 27.8 శాతాన్నే, అలా వివరించగలిగిన భాగంలో తెలివితేటల వాటా 64 శాతం, కార్యదీక్ష వాటా 28 శాతం. మిగిలిన పెద్ద భాగాన్ని పాఠం చెప్పే తీరు, పునాదిలో లోపాలు, ఇంటి పరిస్థితులు, ఆరోగ్యం, నిద్ర వంటి వాటిలో వెతకాలి. కనుక మార్కులు తగ్గిన ప్రతిసారీ పిల్లవాడి స్వభావాన్నే తప్పుపట్టడానికి ఈ పరిశోధనల్లో ఆధారం దొరకదు.

వయసు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2011లో క్రిస్టొఫర్ సోటో బృందం 10 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్న 12 లక్షలకు పైగా వ్యక్తుల సమాధానాలను పరిశీలించగా, బాల్యం చివరి నుంచి కౌమారం తొలి దశకు వచ్చేసరికి కార్యదీక్ష, సౌమ్యత తగ్గి, ఆ తర్వాత మళ్లీ పెరుగుతున్నట్టు కనిపించింది. ‘ఐదో తరగతిలో చెప్పకుండానే హోంవర్కు చేసుకునేది, ఇప్పుడేమైందో’ అని కంగారుపడే తల్లులు ఈ విషయం తెలుసుకుంటే కొంత ఊరట పొందుతారు. ఆ మార్పు చాలామంది పిల్లల్లో వచ్చేదే.

రెండు వారాలు గమనించాలి

ఏ మార్పూ చేయకముందు రెండు వారాల పాటు గమనించడం మంచిది. పిల్లలకు తెలియకుండా నిఘా పెట్టనవసరం లేదు. ‘నీ చదువు ఎక్కడ చిక్కుకుంటోందో ఇద్దరం కలిసి చూద్దాం’ అని ముందే చెప్పి ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. చదవడానికి కూర్చుంటానన్న వేళకూ నిజంగా కూర్చున్న వేళకూ తేడా ఎంత, మధ్యలో లేచింది దేనికి, మొదలుపెట్టిన పని పూర్తయిందా, డౌటు వచ్చినప్పుడు ఎవరినైనా అడిగారా లేక ఆ పేజీ తిప్పేశారా, స్లిప్ టెస్టు ఉన్న రోజు ఉదయం టిఫిను సరిగా తిన్నారా అన్న వివరాలు చాలు. తరగతి గదిలో ఎలా ఉంటారో ఉపాధ్యాయులను అడగాలి, ఎందుకంటే ఇంట్లో గలగలా మాట్లాడే అమ్మాయి క్లాసులో నోరు విప్పకపోవచ్చు.

ఈ గమనింపులో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది దిద్దిన జవాబు పత్రం. దాన్ని మార్కుల కోసం కాక తప్పుల తీరు కోసం చదవాలి. ఒక ఫిజిక్స్ పేపరును తీసుకుందాం. సూత్రం సరిగ్గా రాసి, విలువలు సరిగ్గా వేసి, చివర ప్రమాణం మరిచిపోవడమో గుర్తు తారుమారు చేయడమో పదేపదే కనిపిస్తే, అక్కడ లోపించింది సరిచూసుకునే అలవాటు. మొదటి మూడు జవాబులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కొట్టివేసి మళ్లీ రాసి, చివరి రెండు ప్రశ్నలు ఖాళీగా వదిలితే, తప్పు రాస్తానేమో అన్న భయం సమయాన్ని తినేసిందని అనుమానించాలి. మిగతా సబ్జెక్టులన్నీ బాగుండి లెక్కల్లో మాత్రమే దాటవేత కనిపిస్తే దానికి స్వభావంతో పని లేదు. ఎనిమిదో తరగతి బీజగణితం దగ్గరో, తొమ్మిదో తరగతి జ్యామితి దగ్గరో పట్టు తప్పి ఉంటుంది, దానికి మందు ట్యూషనే తప్ప ఉపన్యాసం కాదు.

అడిగే తీరు కూడా సమాచారాన్ని మారుస్తుంది. ‘ఏరా, ఎందుకు చదవలేదు?’ అంటే సాకు వస్తుంది. ‘ఎక్కడ ఆగిపోయావు నాన్నా?’ అంటే పాఠం పేరు వస్తుంది.

కార్యదీక్ష తక్కువగా ఉన్న పిల్లలతో

మార్కులతో అన్నిటికన్నా దగ్గరి సంబంధం ఉన్న గుణం ఇదే కనుక ఎక్కువ శ్రమ ఇక్కడే పెట్టాలి. మన ఇళ్లలో ఈ సమస్యకు వెంటనే దొరికే పరిష్కారం టైమ్‌టేబుల్. ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా అరగంట ఖాళీ లేకుండా రంగు స్కెచ్ పెన్నులతో గీసి గోడకు అంటించిన ఆ కాగితం సాధారణంగా వారం కూడా నిలవదు, ఎందుకంటే కార్యదీక్ష నిండుగా ఉన్నవాడు మాత్రమే పాటించగల ప్రణాళికను అది తక్కువగా ఉన్నవాడి చేతిలో పెడుతున్నాం.

దీనికి బదులు మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ప్రతిపాదించిన ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ పద్ధతిని వాడవచ్చు. ‘రోజూ కెమిస్ట్రీ చదువుతాను’ అన్నది ఒక కోరిక మాత్రమే. ‘సాయంత్రం పాలు తాగి గ్లాసు సింకులో పెట్టగానే ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని, నిన్న క్లాసులో చేసిన లెక్కల్లో ఐదింటిని నోట్సు చూడకుండా చేస్తాను’ అన్నది ప్రణాళిక. అందులో ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి, ఎంత అన్న నాలుగూ ఉన్నాయి. పని మొదలుపెట్టాలా వద్దా అని ఆలోచించుకునే అవసరం గ్లాసు సింకులో పెట్టడంతో తీరిపోతుంది. అడ్డంకికి కూడా ఇలాంటి వాక్యమే ఒకటి రాసుకోవాలి: ‘గేమ్‌కు రమ్మని స్నేహితుడు మెసేజ్ పెడితే, తొమ్మిదింటికి వస్తానని జవాబిచ్చి ఫోను అమ్మ చేతికిస్తాను.’ 2011లో ఏంజెలా డక్‌వర్త్, గోల్విట్జర్ తదితరులు ఒక ముఖ్యమైన పరీక్షకు సిద్ధమవుతున్న అమెరికా హైస్కూలు విద్యార్థుల చేత, పరీక్ష బాగా రాస్తే కలిగే మేలునూ అందుకు అడ్డుపడే విషయాలనూ ఊహించుకుని ఇలాంటి వాక్యాలు రాయించారు. అలా రాసినవారు తక్కినవారికన్నా 60 శాతానికి పైగా ఎక్కువ అభ్యాస ప్రశ్నలు పూర్తిచేశారు. ఆ వాక్యాలను పిల్లలే తమ మాటల్లో రాయాలి. నాన్న డిక్టేట్ చేసి కొడుకు చేత సంతకం పెట్టించుకున్న ఒప్పందానికి ఇంత విలువ ఉంటుందని నేను అనుకోను.

గడువు దూరంగా ఉన్న పనులు ఈ పిల్లలకు ప్రత్యేకంగా చేటు చేస్తాయి. ప్రాక్టికల్ రికార్డు ఇందుకు మంచి ఉదాహరణ. జూలైలో మొదలైన రికార్డు జనవరి దాకా తెల్లగా ఉండి, ప్రాక్టికల్స్‌కు ముందు రాత్రి స్నేహితుడి పుస్తకం చూసి ఇంటిల్లిపాదీ కూర్చుని నింపడం మనకు తెలియని దృశ్యం కాదు. ప్రయోగం చేసిన వారంలోనే రికార్డు రాయించి లెక్చరర్ సంతకం పెట్టే కళాశాలల్లో ఈ తంటా ఉండదు. అలాంటి ఏర్పాటు లేనిచోట ఆదివారం భోజనానికి ముందు ‘ఈ వారం రికార్డు చూపించమ్మా’ అని తల్లిదండ్రులే అడిగితే సరిపోతుంది.

పర్యవేక్షణ మొదట్లో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గాలి. మొదటి నెల రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికొకసారి చూస్తే చాలు. రెసిడెన్షియల్ కళాశాలల స్టడీ అవర్ల గురించి నాకున్న అభ్యంతరం ఇక్కడే ఉంది. గంట కొట్టగానే కూర్చోబెట్టి, వార్డెన్ వరసల మధ్య తిరుగుతూ చదివించే పద్ధతిలో కార్యదీక్ష పిల్లవాడిది కాదు, ఆ సంస్థది. రెండేళ్లు అది మార్కులు తెస్తుంది, కాదనలేం. కానీ ఇంజనీరింగ్‌లో చేరి సొంత గది, సొంత ఫోను, ఎవరూ లేపని ఉదయాలు దొరికిన మొదటి సెమిస్టరులో కుదురు లోపం బయటపడుతుంది. పిల్లలను అలాంటి చోట చేర్పించినవారు కనీసం సెలవులకు ఇంటికి వచ్చినప్పుడైనా, రోజుకు ఒక గంట చదువును తమకు తామే ఎంచుకుని, తామే మొదలుపెట్టి, తామే ముగించే అవకాశం వారికి ఇవ్వాలి.

ఆందోళన ఎక్కువగా ఉన్న పిల్లలతో

సగటున ఆందోళనకూ మార్కులకూ సంబంధం సున్నాకు దగ్గరగా ఉన్నంత మాత్రాన అది ఎవరినీ బాధించదని అర్థం కాదు. భయంతో మరింత చదివేవారూ, భయంతో చేతులు చల్లబడి ఆగిపోయేవారూ ఒకే లెక్కలో కలిసినప్పుడు సగటు అలా తేలడానికి అవకాశం ఉంది. మనం పట్టించుకోవలసింది రెండో రకం పిల్లలను. వారు ఎక్కువ గంటలు చదువుతారు, అందరికన్నా ముందు సిలబస్ ముగిస్తారు, అయినా పరీక్షలో చదివింది గుర్తుకు రావడం లేదంటారు.

వారు చదివే పద్ధతిని ఒకసారి పక్కన కూర్చుని చూస్తే, చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదవడం, హైలైటరుతో పేజీ అంతా పసుపు చేయడం కనిపిస్తాయి. అవి ధైర్యాన్నిస్తాయి గానీ జ్ఞాపకాన్ని పెద్దగా ఇవ్వవు. జాన్ డన్‌లోస్కీ బృందం 2013లో పది అధ్యయన పద్ధతులను సమీక్షించి, తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద విడగొట్టుకోవడం అన్న రెండింటికే అత్యధిక ప్రయోజనం ఉందని, గీతలు గీయడం, తిరిగి చదవడం తక్కువ ప్రయోజనం గలవని తేల్చింది. ఆందోళన ఉన్న పిల్లలకు మొదటి పద్ధతి వల్ల ఇంకో లాభం కూడా ఉంటుంది. మార్కులు ఎవరికీ చెప్పనవసరం లేని చిన్న చిన్న పరీక్షలు వారానికి నాలుగైదు సార్లు రాసేవారికి, పరీక్ష హాలు మరీ పరాయి చోటులా తోచదు. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పాఠంలో గుర్తున్నదంతా రాసి, తర్వాత పుస్తకం తెరిచి తప్పిపోయినవి వేరే రంగుతో చేర్చుకోమనాలి. ఆ కాగితాన్ని పెద్దలు దిద్దకూడదు.

పోటీ పరీక్షల్లో స్వభావం నేరుగా మార్కులుగా మారే చోటు ఒకటుంది, దాన్ని తప్పక చర్చించాలి. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు కలుస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. భయస్తులైన పిల్లలు ఆ ఒక్క మార్కు పోతుందన్న బెంగతో, నాలుగు ఆప్షన్లలో రెండింటిని నిశ్చయంగా కొట్టివేసిన ప్రశ్నలను కూడా వదిలేస్తారు. లెక్క వేసి చూపించండి. మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే సగం సార్లు 4 వస్తాయి, సగం సార్లు 1 పోతుంది, అంటే అలాంటి ప్రతి ప్రశ్నకూ సగటున ఒకటిన్నర మార్కుల లాభం. అలాంటి ఇరవై ప్రశ్నలు వదిలేసినవారు సగటున 30 మార్కులు వదులుకున్నట్టే. తెలుగు రాష్ట్రాల ఎప్‌సెట్‌లో తప్పు జవాబుకు మార్కు పోదు కనుక అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు. తొందరపాటు స్వభావం ఉన్నవారి లోపం దీనికి ఎదురుగా ఉంటుంది: ప్రశ్నలోని ‘కానిది ఏది’ అన్న మాటను చూడకుండానే మొదటి ఆప్షను నొక్కేస్తారు. వారి చేత మాక్ టెస్టుల్లో ‘కానిది’, ‘తప్ప’, ‘సరికాని’ వంటి మాటల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టిస్తే ఆ తప్పులు తగ్గుతాయి.

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, పరీక్ష మాట వినగానే వాంతులు లేదా ఏడుపు, బతకాలని లేదన్నట్టు మాట్లాడటం వంటివి కనిపిస్తే ఇక్కడ చెప్పిన చిట్కాలతో కాలయాపన చేయకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అవసరమైతే మానసిక వైద్యుడిని కలవడానికి సంకోచించనక్కర లేదు.

జిజ్ఞాస, కలుపుగోలుతనం, సౌమ్యత

జిజ్ఞాస ఎక్కువగా ఉన్న పిల్లల ఇబ్బంది వేరు. కాంతి పాఠం చదువుతూ కృష్ణబిలాల వీడియోల్లోకి వెళ్లిపోయి, రాత్రి పదింటికి కటకాల సూత్రం దగ్గర ఖాళీ పేజీతో కూర్చుంటారు. ఆ ఉత్సాహాన్ని చంపితే నష్టం పెద్దది. వచ్చిన సందేహాలను పక్క కాగితం మీద రాసుకుని, చేయవలసిన లెక్కలు ముగిశాక ఆ కాగితానికి అరగంట కేటాయించుకోమనడం మధ్యేమార్గం. బోర్డు పరీక్షల్లో మూల్యాంకనం చేసేవారు వెతికే అంశాలు జవాబులో కనిపించాలన్న సంగతి కూడా వారికి విడమరిచి చెప్పాలి. ఎక్కువ తెలిసిన పిల్లలు అడిగినదానికి కాక తమకు నచ్చినదానికి జవాబు రాసి మార్కులు పోగొట్టుకుంటారు. జిజ్ఞాస తక్కువగా కనిపించే పిల్లలకు పాఠం కన్నా ముందు పాఠం చివరి ప్రశ్నలను చదివించండి, వెతకడానికి ఏదో ఒకటి ఉంటుంది.

కలుపుగోలుతనానికి మార్కులతో దాదాపు సంబంధం లేదని తేలింది కనుక, మాటకారి పిల్లవాడు చురుకైనవాడని, మౌనంగా ఉండే అమ్మాయి మందకొడి అని అనుకోవడం మానుకోవాలి. నలుగురితో కలిసి చదవడం ఇష్టపడేవారిని కంబైన్డ్ స్టడీకి పంపవచ్చు, అయితే ముందు ఒంటరిగా ఒకసారి చదివి, తర్వాత ఒకరికొకరు చెప్పుకోవాలన్న షరతు ఉండాలి. మౌనంగా ఉండేవారి డౌట్లు చీటీల మీద తీసుకునే ఉపాధ్యాయుడికి ఆ పిల్లలు ఎంత ఆలోచిస్తారో త్వరగానే తెలుస్తుంది.

సౌమ్యులైన పిల్లల గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, వారికి వచ్చే చిక్కు కూడా అదే. బైపీసీ అంటే బైపీసీ, ఎంపీసీ అంటే ఎంపీసీ అని తలూపి, రెండో సంవత్సరంలో గానీ తమ అయిష్టాన్ని బయటపెట్టరు. గ్రూపు నిర్ణయించేటప్పుడు వారిని పెదనాన్నలు, మేనమామల ముందు కాక ఒంటరిగా, ఒకసారి కాక రెండుమూడు సార్లు అడగాలి. ‘మీ ఇష్టం నాన్నా’ అన్న జవాబును జవాబుగా లెక్కించకూడదు.

స్వభావం మారుతుందా?

కొంతవరకు మారుతుంది. బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2017లో 207 అధ్యయనాలను సమీక్షించి, సగటున 24 వారాల చికిత్సలు, అలాంటి ఇతర ప్రయత్నాలతో స్వభావ గుణాల్లో కొలవదగిన మార్పు వచ్చిందని, అన్నిటికన్నా ఎక్కువ మార్పు ఆందోళన తగ్గడంలో కనిపించిందని నివేదించింది. వాటిలో చాలావరకు పెద్దలకు అందించిన చికిత్సలు కనుక పిల్లల విషయంలో అదే వేగాన్ని ఆశించలేం. 2019లో నేథన్ హడ్సన్ తదితరులు కళాశాల విద్యార్థులతో చేసిన మరో అధ్యయనం తల్లిదండ్రులకు మరింత ఉపయోగకరమైనది: మారాలనుకున్న గుణానికి సంబంధించిన చిన్న చిన్న పనులను ప్రతి వారం నిజంగా పూర్తిచేసినవారిలోనే మార్పు వచ్చింది, ఒప్పుకుని చేయనివారికి ఫలితం దక్కలేదు.

అందుచేత పిల్లలతో కలిసి ఒప్పుకునే పని, వారు ఖచ్చితంగా చేయగలిగినంత చిన్నదిగా ఉండాలి. రోజుకు పది లెక్కలు అని రాసుకుని మూడు చేయడం కన్నా, నాలుగు అని రాసుకుని నాలుగూ చేయడం మేలు. తర్వాతి యూనిట్ టెస్టు పేపరు చేతికొచ్చిన రోజు పాత పేపరును పక్కన పెట్టుకుని, ఖాళీగా వదిలిన ప్రశ్నలు ఎన్ని తగ్గాయో, గుర్తులు, ప్రమాణాల తప్పులు ఎన్ని తగ్గాయో పిల్లల చేతే లెక్కించండి. మొత్తం మార్కుల్లో ఇంకా తేడా రాకపోయినా ఈ రెండు అంకెలు తగ్గుతుంటే అదే ప్రణాళికను కొనసాగించవచ్చు. అవీ తగ్గకపోతే నోటుబుక్కు తెరిచి, ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ వాక్యంలో వేళనో, చోటునో, మోతాదునో ఒక్కదాన్ని మాత్రమే మార్చి మరో రెండు వారాలు చూడాలి.